తల్లో పేలున్నాయో లేదో మీకు మీరే చూసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఉంటే అవ్వో అమ్మో గడప దగ్గర కూర్చోబెట్టుకుని పేలు చూస్తారు. తిరుపతికి చదువుకో ఉద్యోగానికో వచ్చి లేడీస్ హాస్టల్లో ఉండే అమ్మాయికి ఆ వసతి లేదు. గదిలో వాళ్ళను అడగడానికి సిగ్గు, అడక్కపోతే అనుమానం. ఈ ప్రశ్నలూ జవాబులూ ముఖ్యంగా అలాంటివాళ్ళ కోసం. పిల్లల తలలు చూసే తల్లులకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

తల దురద పెడుతోంది. పేలు పడ్డట్టేనా?

దురదను బట్టి తేల్చలేం. పేను రక్తం పీల్చేటప్పుడు వదిలే లాలాజలం మన ఒంటికి పడకపోవడం వల్ల దురద పుడుతుంది. మొదటిసారి పేలు పడ్డవాళ్ళలో ఈ పడకపోవడం తయారవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంటే నెల రోజులు తల్లో పేలు తిరుగుతున్నా దురద లేకపోవచ్చు. ఇదివరకు పడ్డవాళ్ళకైతే ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. చుండ్రు, ఎండాకాలం చెమట, సరిగ్గా కడగని షాంపూ, ఏవైనా తలను దురద పెట్టిస్తాయి. ఎవరికో పేలున్నాయని విన్నా చాలు, మన చెయ్యి తలమీదికి పోతుంది. అందుకే దువ్వెనకు దొరికేదాకా ఏ నిర్ణయానికీ రావద్దు. ప్రాణంతో కదులుతున్న పేను ఒక్కటి దొరికితే పేలున్నట్టు. దొరక్కపోతే ఇంకా తేలనట్టు.

పేను ఎంత ఉంటుంది? ఈపి ఎలా ఉంటుంది?

ఎదిగిన పేను నువ్వుగింజంత, 2 నుంచి 3 మిల్లీమీటర్లు. రంగు బూడిదా గోధుమా కలిసినట్టుంటుంది, రక్తం తాగాక ఎర్రగా నల్లగా కనిపిస్తుంది. ఆరు కాళ్ళు, కాలి చివర కొక్కెం లాంటి గోరు. ఆ గోటితోనే వెంట్రుకను పట్టుకుని పాకుతుంది. ఎగరలేదు, దూకలేదు.

పేను గుడ్డునే ఈపి అంటాం, కొందరు ఈళ్ళు అంటారు. పొడవు మిల్లీమీటరులోపు. తల్లి పేను రోజుకు ఆరు నుంచి ఎనిమిది దాకా పెడుతుంది, ఒక్కోదాన్ని వెంట్రుక మొదట్లో ఒక పక్కకు జిగురుతో అంటిస్తుంది. లోపల పిల్ల ఉన్న ఈపి లేత గోధుమరంగులో, చర్మానికి బాగా దగ్గరగా ఉంటుంది. పిల్ల బయటికొచ్చాక మిగిలే ఒట్టి డొల్ల తెల్లగా మెరుస్తుంది. మనకు చటుక్కున కంటబడేది ఈ డొల్లే, అసలైన గుడ్డు కాదు.

చూసుకోవడానికి ఏమేం కావాలి?

పేల దువ్వెన, మామూలు వెడల్పు పళ్ళ దువ్వెన, కండిషనర్, తెల్ల గుడ్డ లేదా తెల్ల టిష్యూ, నాలుగు క్లిప్పులు, గోడ అద్దం కాక చేతిలో పట్టే చిన్న అద్దం. ఫోన్ ఉండనే ఉంటుంది.

అన్నిట్లో దువ్వెనే ప్రాణం. ఫ్యాన్సీ అంగళ్ళలో, మందుల షాపుల్లో ప్లాస్టిక్కువీ స్టీలువీ రెండూ దొరుకుతాయి. పళ్ళ మధ్య సందు 0.3 మిల్లీమీటర్లు మించకూడదు. స్కేలు పెట్టి కొలవక్కర్లేదు, ఒక విజిటింగ్ కార్డు అంచును పళ్ళ సందులో పెట్టి చూడండి. సులువుగా జారిపోతే ఆ దువ్వెన వదులు, పిల్ల పేలు దాంట్లోంచి తప్పించుకుంటాయి. వాడగా వాడగా ప్లాస్టిక్ పళ్ళు వంగి విడిపోతాయి, అప్పుడు కొత్తది కొనాల్సిందే. పొడవాటి స్టీలు పళ్ళుంటే ఒత్తు జుట్టులోనూ చర్మం దాకా దిగుతాయి.

కండిషనర్ దండిగా ఉండాలి. నడుం దాకా జడ ఉన్నవాళ్ళకు ఐదారు సాచెట్లు పడతాయి. లేదంటే కొబ్బరినూనె వాడొచ్చు. దువ్వెన సాఫీగా జారడం ఒక లాభం. రెండోది, తడిసి జారుడుగా ఉన్న జుట్టులో పేను చురుగ్గా పాకలేదు. పొడి జుట్టులో పాయ తీసేలోపు అది వెలుతురుకు దూరంగా పారిపోతుంది. ఎంతసేపు వెతికినా కళ్ళకు ఏమీ చిక్కకపోవడానికి పెద్ద కారణం ఇదే.

గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. మొదటి నుంచి చివరిదాకా ఎలా చూసుకోవాలి?

పగటి పూట, కిటికీ దగ్గరో తలుపు దగ్గరో కూర్చోండి. ట్యూబులైటు కన్నా పగటి వెలుతురు మేలు. పొడవాటి జుట్టుకు అరగంట, బాగా ఒత్తుగా ఉంటే గంట కేటాయించుకోండి. తొందరలో చూసుకుంటే చూసుకోనట్టే.

షాంపూతో తలంటుకుని, నీళ్ళు కారకుండా తువ్వాలుతో అద్దండి. కండిషనర్ మొదళ్ళ నుంచి చివళ్ళ దాకా పట్టించి, కడగకుండా అలాగే ఉంచండి. వెడల్పు దువ్వెనతో చిక్కులన్నీ తీయండి. చిక్కు మిగిలితే పేల దువ్వెన దాని దగ్గర ఆగిపోతుంది, మీరు లాగేటప్పుడు చర్మాన్ని వదిలేసి పైపైన పోతుంది. అప్పుడే పేలు తప్పిపోతాయి.

పాపిటి తీసి, జుట్టును రెండు పక్కలకూ, మళ్ళీ ఒక్కో పక్కను ముందుకూ వెనక్కూ విడదీసి నాలుగు భాగాలకు క్లిప్పులు పెట్టండి. ఒక భాగం విప్పి, దువ్వెన వెడల్పు మించని సన్నటి పాయ తీసుకోండి. పళ్ళు చర్మానికి తగలాలి, గీరుకోకూడదు. మొదట్లో ఆనించి, చివరిదాకా ఒకే లాగులో తీసి, తెల్ల గుడ్డ మీద తుడవండి. ప్రతి లాగుకూ తుడిచి చూడాలి. నాలుగైదు సార్లు లాగి ఒకేసారి చూద్దామనుకుంటే మొదటి లాగులో వచ్చింది మళ్ళీ తల్లోకే పోతుంది. ఒక్కో పాయను రెండుసార్లన్నా దువ్వండి.

చెవుల వెనక, మెడ పైభాగంలో ఎక్కువసేపు ఉండండి. ఈపులు ఎక్కువగా దొరికేది అక్కడే. మెడ దగ్గరకు వచ్చాక తెల్ల గుడ్డ ఒళ్ళో పరుచుకుని, తల ముందుకు వంచి, జుట్టంతా మొహం మీదికి వేసుకోండి. మెడ మొదట్లో దువ్వెన ఆనించి నుదుటి వైపు లాగండి. కంటికి కనబడకపోయినా చేతికి అందుతుంది, రాలేది ఒళ్ళో గుడ్డ మీద పడుతుంది.

మొత్తం అయ్యాక కండిషనర్ కడిగేసి, తడి జుట్టును ఇంకోసారి పేల దువ్వెనతో దువ్వండి. నూనె వాడితే చివర్లో షాంపూతోనో సీకాయతోనో వదిలించుకోండి. గుడ్డ మీద పడినదాన్ని వేలితో కదిపి చూడండి. కాళ్ళు ఆడితే పేను. ఫోనులో దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేస్తే కాళ్ళు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనిపిస్తుంది.

తల వెనక భాగం చూడటం ఎలా?

గోడ అద్దానికి వీపు పెట్టి నిలబడి, చేతి అద్దంలో గోడ అద్దాన్ని చూడండి. అందులో కుడి ఎడమలు తారుమారై వేళ్ళు తడబడతాయి, రెండు నిమిషాలకు అలవాటవుతుంది. చాలామందికి ఫోనే సులువు. జుట్టు క్లిప్పులతో పక్కకు నెట్టి పాపిటి తెరిచాక, టార్చి వేసి వీడియో తీసి తర్వాత ఆపి ఆపి చూసుకోండి. ఇది ఈపుల కోసమే. పేను వీడియోకు నిలబడదు, దానికి దువ్వెనే.

దువ్వాను. ఏమీ పడలేదు. నమ్మొచ్చా?

దువ్వెన బిగువుగా ఉండి, చర్మం దాకా దిగి, తల మొత్తం తిరిగితే చాలావరకు నమ్మొచ్చు. కానీ పేలు ఉన్న తల్లో కూడా ఎదిగినవి చాలాసార్లు పది పదిహేనుకు మించవు. అంత జుట్టులో పది పేలు ఒకసారికి దొరక్కపోవడం వింతేమీ కాదు. మీ గదిలోనో ఇంట్లోనో ఎవరికైనా ఉన్నాయని తెలిస్తే నాలుగు రోజులాగి మళ్ళీ చూసుకోండి.

వెంట్రుకకు తెల్లగా ఏదో అంటుకుంది. చుండ్రా, ఈపా?

వేళ్ళతో పట్టుకుని చివరి వైపు లాగండి. చుండ్రు రాలిపోతుంది. ఈపి కదలదు. గోరు పెట్టి గట్టిగా గీస్తే తప్ప రాదు. పైగా వెంట్రుకకు ఒక పక్కనే, ఏటవాలుగా అతుక్కుని ఉంటుంది.

వీటి మధ్య ఇంకో రెండున్నాయి, చాలామంది మోసపోయేది వీటి దగ్గరే. స్కూలుకు రెండు జడలు లాగి బిగించి రిబ్బన్లు కట్టే పిల్లల్లో, వెంట్రుక చుట్టూ తెల్లటి చిన్న గొట్టాల్లాంటివి కనిపిస్తాయి. పూసను దారం మీద జరిపినట్టు ఇవి వెంట్రుక మీద ముందుకూ వెనక్కూ జరుగుతాయి. పేలతో సంబంధం లేదు, జడ కాస్త వదులుగా వేస్తే తగ్గుతాయి. రెండోది, తడి జుట్టునే ముడి వేసుకునేవాళ్ళకు వెంట్రుకల మీద అక్కడక్కడా పట్టే ఒకరకం బూజు గడ్డలు. మొదట్లోనే కాక వెంట్రుక పొడవునా ఉంటాయి, చేతికి గరుకుగా తగులుతాయి. దీనికి పేల మందు పనిచేయదు, చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాలి.

ఈపులున్నాయి, పేను ఒక్కటీ దొరకలేదు. మందు పెట్టాలా?

వెంటనే వద్దు. అవి ఎప్పటివో చూడండి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ఈపి అంటుకున్నచోటే ఉండి వెంట్రుకతో పాటు కిందికి జరుగుతుంది. చర్మానికి అర సెంటీమీటరు లోపల ఉన్నవి ఈమధ్యవి, అంతకన్నా బాగా కిందికి ఉన్నవి పాత డొల్లలు. మనలాంటి వేడి ఊళ్ళలో కాస్త దూరంగా కూడా మంచి గుడ్లు ఉండొచ్చు, కాబట్టి ఈ కొలతను గీటురాయి చేసుకోవద్దు. పెద్దవాళ్ళు ఈపిని రెండు బొటనవేళ్ళ గోళ్ళ మధ్య నొక్కి చూస్తారు. చిటుక్కుమంటే లోపల పిల్ల ఉన్నట్టు, చప్పుడు లేకుండా నలిగితే డొల్ల. ఇంటి పరీక్షగా ఇది పనికొస్తుంది.

చర్మానికి దగ్గరగా గోధుమరంగువి ఉంటే నాలుగు రోజులకోసారి తడి దువ్వెన పట్టండి. పేను దొరికిననాడు మందు సంగతి ఆలోచిద్దురు గాని.

పేను దొరికింది. ఇప్పుడేం చేయాలి?

రెండు దారులు. మొదటిది దువ్వెన ఒక్కదానితోనే. పైన చెప్పిన పద్ధతిలోనే 1, 5, 9, 13వ రోజుల్లో తల మొత్తం దువ్వాలి. ఈపి పగలడానికి 7 నుంచి 10 రోజులు, బయటికొచ్చిన పిల్ల ఎదిగి గుడ్లు పెట్టడానికి ఇంకో 9 నుంచి 12 రోజులు పడుతుంది. నాలుగు రోజులకోసారి దువ్వితే ఏ పిల్లా తల్లి కాకముందే దువ్వెనకు చిక్కుతుంది. 17వ రోజున చూసినప్పుడు ఏమీ లేకపోతే అయిపోయినట్టు. ఓపిక కావాలి గానీ ఖర్చు లేదు, మందు పడనివాళ్ళకూ భయం లేదు.

రెండోది 1 శాతం పెర్మెత్రిన్ లోషన్. మందుల షాపులో అడిగేటప్పుడు శాతం చెప్పి అడగండి, 5 శాతంది గజ్జికి ఒంటికి రాసే క్రీము. తలకు నూనె ఉంటే ముందు షాంపూతో పూర్తిగా పోగొట్టాలి. ఆరోజు కండిషనర్ పెట్టకూడదు, పెడితే మందు వెంట్రుకకు పట్టదు. తువ్వాలుతో అద్దిన జుట్టుకు మొదళ్ళు తడిసేలా, చెవుల వెనక, మెడ దగ్గర వదలకుండా పట్టించి, 10 నిమిషాలుంచి, గోరువెచ్చని నీళ్ళతో తల ముందుకు వంచి కడగండి. కళ్ళ మీద మడిచిన గుడ్డ పెట్టుకోండి. పొడవాటి జుట్టుకు ఒక సీసా చాలకపోవచ్చు. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు తలంటుకోవద్దు. 9వ రోజున మళ్ళీ ఇదంతా చేయాలి. మొదటి విడతకు ఈపులన్నీ చావవు, ఆలోగా పగిలిన పిల్లల కోసం రెండో విడత.

మందు పెట్టినా తగ్గలేదు. ఎందుకు?

చాలాసార్లు రెండో విడత మానేయడం వల్ల. ఆ తర్వాత నూనె పోగొట్టకుండానే తలకు మందు పెట్టడం, మందు తక్కువ పోయడం, ఇంట్లో మిగతావాళ్ళ తలలు చూడకపోవడం. చెల్లెలికి మందు పెట్టి అక్క తల వదిలేస్తే వారంలో మళ్ళీ మొదటికొస్తుంది. మందు పెట్టిన 8 నుంచి 12 గంటల తర్వాత దువ్వి చూడండి. పేలు మత్తుగా కదులుతుంటే మందు పనిచేస్తోంది, ఆగండి. ముందులాగే చురుగ్గా పరుగెడుతుంటే ఆ మందుకు లొంగని పేలు కావచ్చు. అదే మందు మళ్ళీ మళ్ళీ పూయకుండా డాక్టరును అడగండి, వేరే రకం మందులున్నాయి.

చికిత్స అయ్యాక కూడా వారం పది రోజులు దురద ఉంటుంది. దాన్ని చూసి మూడోసారీ నాలుగోసారీ మందు పెట్టి చర్మం మండించుకునేవాళ్ళున్నారు. దువ్వెన ఏం చెబుతుందో అదే లెక్క.

సీతాఫలం గింజలు, కిరోసిన్, కర్పూరం పెట్టొచ్చా?

వద్దు. సీతాఫలం గింజల పొడి పేలను చంపుతుందన్నది నిజమే, కానీ దాని రసం కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతిని, భరించలేని మంట, వాపు, చూపు మసకబారడం జరుగుతాయి. తలకు రాసింది తలంటుకునేటప్పుడు కంట్లోకి కారకుండా ఆపడం ఎవరివల్లా కాదు. పొరపాటున పడితే ఆగకుండా మంచినీళ్ళతో కడుగుతూ కంటి ఆసుపత్రికి వెళ్ళండి. కిరోసిన్ చర్మాన్ని కాల్చుతుంది, పొయ్యి దగ్గర నిప్పంటుకుంటుంది. కర్పూరం కలిపిన నూనె చిన్నపిల్లల నోట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి. చీమల చాక్‌పీసు, పొలం మందులు తలకు తాకించనే కూడదు. వేపాకు ముద్ద, కుంకుడు రసం ప్రమాదం కాదు గానీ, వాటినే నమ్ముకుని దువ్వెన మానేస్తే ఈపులు మిగిలిపోతాయి.

కొండకు పోయి గుండు చేయించుకుంటే పోతాయా?

పోతాయి. వెంట్రుక లేకపోతే పేనుకు పట్టుకోవడానికీ, గుడ్డు అంటించడానికీ చోటు లేదు. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చినవాళ్ళకు ఆరోజుతో ఈ బాధ తీరినట్టే. కానీ బిడ్డకు గుండు అయితే తల్లి జడలో పేలు తల్లి జడలోనే ఉంటాయి. రెండు నెలలకు బిడ్డ జుట్టు మొలిచాక తల్లి పక్కలో పడుకుంటే మళ్ళీ ఎక్కుతాయి. మొక్కు ఉంటే గుండు చేయించండి, పేల కోసమైతే దువ్వెన చాలు.

తిరుమలలో అద్దెకు తెచ్చుకునే చాపలు, దుప్పట్ల వల్ల, బస్సు సీట్ల వల్ల వస్తాయా?

చాలా అరుదు. పేను ఒక తల నుంచి ఇంకో తలకు పాకేది జుట్టుకు జుట్టు తగిలినప్పుడే. తల వదిలితే తిండి లేక ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. క్యూ కాంప్లెక్సులో పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని గంటలకొద్దీ నిద్రపోవడం, వేసవి సెలవుల్లో పెదనాన్న పిల్లలూ అత్త పిల్లలూ ఒకే పక్కలో పడుకోవడం, ఇద్దరు తలలు ఆనించి ఒకే ఫోన్ చూడటం, అసలు దారులివి.

దిండు గలీబులు, దుప్పట్లు, తువ్వాళ్ళు గత రెండు రోజుల్లో వాడినవి మాత్రం వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి ఎండలో వేస్తే చాలు. ఇల్లంతా మందు కొట్టక్కర్లేదు. డాన్సు ప్రోగ్రాముకో గంగజాతర వేషానికో అరువు తెచ్చిన సవరం సంగతి వేరు. అది జుట్టే కాబట్టి ఈపులు అంటుకుని రావచ్చు, రెండు వారాలు ప్లాస్టిక్ కవరులో గట్టిగా కట్టి ఉంచాకే పెట్టుకోండి.

పేనుకొరుకుడు అంటే పేలు కొరికితే వచ్చేదేనా?

కాదు. పేరు అలా పడింది గానీ, తల మీదో గడ్డంలోనో రూపాయి బిళ్ళంత నున్నగా జుట్టు ఊడిపోయే ఆ జబ్బుకూ పేలకూ ఏ సంబంధమూ లేదు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే వెంట్రుకల కుదుళ్ళ మీద దాడి చేయడం వల్ల వస్తుంది. పేల మందు రాస్తే ఉపయోగం లేదు.

రోజూ తలంటుకునేవాళ్ళకు పేలు పడవంటారు?

పడతాయి. పేను నీళ్ళలో వెంట్రుకను గట్టిగా పట్టుకుని ఉండిపోతుంది. శుభ్రతకూ దీనికీ సంబంధం లేదు, కాబట్టి ఏ పిల్లనూ మురికిదని అనకండి. పేలు పడ్డ పిల్లను బడి మాన్పించే అవసరం కూడా లేదు. జడ వేసి, ఆ సాయంత్రమే దువ్వడం మొదలుపెడితే సరి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

గోకి గోకి పుండ్లు పడి చీము కారినా, మెడ వెనక బిళ్ళలు కట్టినా, జ్వరం వచ్చినా, జుట్టు అట్టకట్టుకుపోయినా ఆలస్యం చేయొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రెండేళ్ళలోపు పిల్లలు మందు వాడేముందు డాక్టరును అడగాలి. రెండు విడతల మందు తర్వాత కూడా పేలు కదులుతుంటే తిరుపతిలో రుయా ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి, చిత్తూరులో జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. వెళ్ళేముందు దువ్వెనకు చిక్కిన పేనునో, ఈపి ఉన్న వెంట్రుకనో తెల్ల కాగితానికి సెల్లో టేపుతో అతికించి తీసుకుపోండి. డాక్టరు చూసి అప్పటికప్పుడే చెప్పగలరు.

ఎన్నాళ్ళకోసారి చూసుకోవాలి?

బడి నడిచే నెలల్లో, హాస్టల్లో ఉన్నన్నాళ్ళు, వారానికోసారి. ఆదివారం తలంటుకునే రోజే అయితే మర్చిపోరు. పని అయ్యాక పేల దువ్వెన పళ్ళ సందుల్లో చిక్కినవి పాత టూత్‌బ్రష్షుతో తీసి, చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళలో 10 నిమిషాలు ఉంచి ఆరబెట్టండి. ప్లాస్టిక్‌దైతే మరిగే నీళ్ళు వద్దు, పళ్ళు వంకరపోతాయి.